చచ్చిన బ్యాటరీకి జేజేలు

మనిషికి దేవుడిచ్చిన వరాల్లో మొదటిది ఆకలి, రెండోది నిద్ర, మూడోది సరిగ్గా అవసరానికి చచ్చే బ్యాటరీ!

నవ్వకండి. ఈ మాట అంటున్నది దారినపోయే దానయ్య కాదు. బ్రెన్నర్స్ గ్యాప్‌లో ముప్పై నాలుగేళ్ళు హార్డ్‌వేర్ కొట్టు కౌంటర్ వెనక నిలబడి, ఈ లోయలో ఉన్న ప్రతి టార్చిలైటుకూ, ప్రతి చెవి మిషనుకూ ప్రాణం పోసిన ఎమ్లిన్ బెవన్. అంటే నేనే. ఒట్టి ఎమ్లిన్ అని అడిగితే తెలియదంటారేమో గానీ, బ్యాటరీ ఎమ్లిన్ అని అడగండి, చర్చిలో ప్రార్థన ఆపి మరీ మా ఇల్లు చూపిస్తారు.

ఈమధ్య కొందరు మన పత్రికకు ఉత్తరాలు రాస్తున్నారు. స్కానర్‌లో వేసిన బ్యాటరీ పూటైనా నిలవడం లేదు, ఏది కొనాలో తెలియడం లేదు, ఇదేం ఖర్మ అని ఒకటే ఏడుపు. వాళ్ళ అజ్ఞానానికి జాలిపడి ఈ వారం కలం పట్టాను. చర్చి వాళ్ళు అమ్మే పిరోగీల, అదే బంగాళదుంప కజ్జికాయల, ప్రకటనకీ, చనిపోయినవాళ్ళ వార్తలకీ మధ్య నాకు ఇచ్చే జాగా ఈసారి సరిపోదు. కాస్త కిందికి జరుగుతాను. చనిపోయినవాళ్ళకి తొందరేముంది?

స్కానర్ అంటే ఏమిటని అడిగేవాళ్ళు మా ఊళ్ళో లేరు. పొరపాటున పట్నం వాళ్ళెవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. చేతిలో పట్టే చిన్న రేడియో అది. పాటలు రావు. అగ్నిమాపక కంపెనీ, అంబులెన్సు, పోలీసులు తమలో తాము మాట్లాడుకునేది వినిపిస్తుంది. మా ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ ఉప్పు డబ్బా పక్కన ఒకటి ఉంటుంది.

ఎందుకంటారా? మర్యాద కోసం! ఫలానా వీధి, ఫలానా నంబరు, డెబ్బై ఏళ్ళ మనిషి కింద పడ్డాడు అని వినిపిస్తే చాలు, అంబులెన్సు మలుపు తిరిగేలోపు ఆ గుమ్మంలో మూడు గిన్నెలు దిగుతాయి. నేను మెట్ల మీద జారిపడ్డ రోజున స్ట్రెచర్ లోపలికి తేవడానికి దారి లేకపోయింది. నడవా అంతా క్యాబేజీ నూడుల్సు పట్టుకున్న ఆడవాళ్ళే. నా కాలు ఎటు తిరిగిందో చూడకుండానే ఒకావిడ నా నోట్లో చెంచా పెట్టింది. స్కానర్ వినని మనిషి రెండు రోజులు ఆలస్యంగా, ఖాళీ చేతుల్తో పరామర్శకి వస్తాడు. అలాంటివాడికి మా ఊళ్ళో పిల్లనివ్వరు.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. వెర్నా స్టోలరిక్. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య గోడ ఒకటే. డెబ్బై తొమ్మిదేళ్ళు. ఆవిడ కూతురు రెన్నీ అంబులెన్సు నడుపుతుంది. రేడియోలో ఆ బండి పేరు మెడిక్ ఏడు.

రెన్నీ డ్యూటీలో ఉన్నంతసేపూ వెర్నా ఏప్రన్ జేబులో స్కానర్ ఉంటుంది. కూతురు బయల్దేరిందని వినిపించగానే చేతిలో గరిటె ఆగిపోతుంది. మెడిక్ ఏడు, స్టేషన్‌కి వచ్చేశాం అని రెన్నీ గొంతు వినిపించాకే మళ్ళీ కదులుతుంది. ఈ రెంటికీ మధ్య ఆవిడకి ముద్ద దిగదు. గంటైనా అంతే, నాలుగు గంటలైనా అంతే. చాదస్తం అనుకునేరు. మా కొండదారి మలుపులు మీరు చూడలేదు. చలికాలంలో ఆ రోడ్డు అద్దంలా గడ్డకడుతుంది. రెన్నీకి ముందు ఆ బండి నడిపినాయన ఆ మలుపులోనే లోయలోకి జారిపోయాడు. బతికాడు గానీ ఇప్పటికీ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

కాబట్టి వెర్నా స్కానర్‌లో ఏ బ్యాటరీ ఉండాలి అన్నది చిన్న ప్రశ్న కాదు. ఆ ప్రశ్న మీద మా ఊరు మూడు ముక్కలైంది.

మొదటిది పారేసే బ్యాటరీల వర్గం. దానికి పెద్ద క్లేటన్ ఉమ్‌హోల్ట్జ్. స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. సొరుగులోంచి తీశావా, వేశావా, వాడావా, పారేశావా, అంతే అంటాడు. తన బ్యాటరీ ఒకటిన్నర వోల్టులతో పుడుతుందనీ, ఛార్జింగ్ బ్యాటరీ ఒకటీ పాయింట్ రెండుతో పుడుతుందనీ అతని వాదన. నీ బ్యాటరీ పుట్టడమే రోగంతో పుట్టింది ఎమ్లిన్ అని నిండు హోటల్లో నా మొహం మీదే అన్నాడు.

రెండోది ఛార్జింగ్ బ్యాటరీల వర్గం. దానికి పెద్దని నేను. అతనికి చెప్పాను. నీది ఒకటిన్నరతో గెంతుతూ వస్తుంది, గంటగంటకీ దిగజారుతుంది. నాది తక్కువలో మొదలైనా ఆ తక్కువ మీదే చివరిదాకా నిలబడుతుంది. నీకు పొద్దున గెంతులేసే పనివాడు కావాలా, సాయంత్రం దాకా పనిచేసేవాడు కావాలా? హోటల్ సగం చప్పట్లు కొట్టింది. మిగతా సగం ఉమ్‌హోల్ట్జ్ బస్సులో చదువుకోడానికి వెళ్ళినవాళ్ళు.

మూడోది తీగ వర్గం. అసలు బ్యాటరీ ఎందుకు, గోడకి తగిలించుకోండి అనేవాళ్ళు. చవక అడాప్టర్ తగిలిస్తే స్కానర్‌లోంచి తేనెటీగల రొద తప్ప ఏమీ వినిపించదు. పోనీ ఫోన్లకి వాడే పవర్‌బ్యాంక్ తగిలిద్దామా? స్కానర్ తాగే కరెంటు చాలా తక్కువ. ఒక్క టీతో గంటసేపు కూర్చున్న గిరాకీని హోటలువాడు లేపేసినట్టు, ఆ పవర్‌బ్యాంక్ కాసేపు చూసి తనంతట తనే కట్టేసుకుంటుంది! తీగ వర్గం వాళ్ళకి ఈ సంగతి తెలుసు. అయినా ఒప్పుకోరు. గోడ పక్కనే కుర్చీ వేసుకుని, తేనెటీగల రొదలోంచి మాటలు ఏరుకుంటూ జీవితం గడుపుతున్నారు.

చూశారా! బ్యాటరీ చచ్చేదే కాకపోతే ఇంత మేధస్సు ఎక్కడ బయటపడేది?

ఆరోగ్యం సంగతి చూడండి. స్కానర్ మూగబోగానే మా ఊరి ముసలాళ్ళు కుర్చీలోంచి లేస్తారు. సొరుగు దాకా నడుస్తారు. వంగుతారు. నాలుగు బ్యాటరీలు తీసి, ప్లస్ ఎటో మైనస్ ఎటో కళ్ళజోడు ఎత్తి చూసి, ఒకటి తిరగేసి వేసి, మళ్ళీ తీసి వేస్తారు. కాలు, చెయ్యి, కన్ను, బుద్ధి, నాలుగింటికీ వ్యాయామం. దీనికి మించిన డాక్టరు మా కౌంటీలో ఉన్నాడా?

సామాజిక బంధాలు చూడండి. ఒకసారి ఉమ్‌హోల్ట్జ్ నా మీద పంతంతో పోస్టులో లిథియం బ్యాటరీలు తెప్పించాడు. అదే సైజు, మూడింతల బలం అని రాసి ఉంది పెట్టె మీద. మూడింతల బలం అంటే మూడింతల వోల్టులు. స్కానర్‌కి అది అన్నం కాదు, పిడుగు. నాలుగూ వేసి స్విచ్ తిప్పాడు. వంటింటి నిండా పొగ! ఫోన్ చేస్తే అగ్నిమాపక కంపెనీ పరుగెత్తుకొచ్చింది. ఉమ్‌హోల్ట్జ్ వంటింట్లో పొగ అన్న కబురు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ వినిపించింది, ఒక్క ఉమ్‌హోల్ట్జ్ ఇంట్లో తప్ప. ఏడు గిన్నెలు వచ్చాయి. వారం పాటు పొయ్యి వెలిగించలేదు. ఇది వరం కాదా?

ఇక క్రమశిక్షణ. పూర్వం ఛార్జింగ్ బ్యాటరీలకి జ్ఞాపకశక్తి ఉండేది. సగం ఉండగానే ఛార్జింగ్ పెడితే, ఆ సగమే తన బతుకనుకుని తర్వాత అంతే పనిచేసేది. అందుకని పూర్తిగా ఖాళీ చేసి పెట్టాలి. ఆ రకం బ్యాటరీలు పోయి ఇరవై ఏళ్ళయింది. ఇప్పటివాటికి ఆ గొడవ లేదు. బ్యాటరీలు మర్చిపోయాయి గానీ మనుషులు మర్చిపోలేదు. ఈనాటికీ మా ఊళ్ళో ఆదివారం చర్చి నుంచి రాగానే అందరూ స్కానర్లు గట్టిగా పెట్టి ఖాళీ చేస్తారు. మధ్యాహ్నం రెండింటికల్లా ఊరికి ఊరే చెవిటిదవుతుంది.

అలాంటి ఒక ఆదివారం అగ్నిమాపక కంపెనీ వాళ్ళు చందాల కోసం కోళ్ళు కాల్చి అమ్మే పందిరే అంటుకుంది. చూడ్డానికి ఒక్కడూ రాలేదు! నూట పదేళ్ళ కంపెనీ చరిత్రలో జనం అడ్డం లేకుండా ఆర్పిన మొట్టమొదటి మంట అదే. చీఫ్ కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఎమ్లిన్, ఈ ఖాళీ చేసే ఆచారం మాత్రం మాన్పించకు అన్నాడు. మాన్పించలేదు.

అయితే ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మా పాండిత్యం వల్ల ఒక్క మనిషికి మాత్రం అన్యాయం జరిగింది. వెర్నాకి.

ఆవిడ స్కానర్ నా అధీనంలో ఉండేది. నా ఛార్జింగ్ బ్యాటరీలు నాలుగు వేసి, సాయంత్రం కాగానే గోడకి తగిలించడం నేర్పాను. ఉమ్‌హోల్ట్జ్‌కి ఇది కంటగింపు. ఓ రోజు నేను పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన వేళ చూసి, ఆవిడ ఇంటికి వెళ్ళి నావి తీసేసి తనవి వేశాడు. పెద్ద ఉపకారం చేసినట్టు కాఫీ కూడా తాగి వచ్చాడు. బ్యాటరీల కింద గోరంత స్విచ్ ఒకటుంటుంది. పారేసేవి వేస్తే ఇటు, ఛార్జింగ్‌వి వేస్తే అటు తిప్పాలి. ఆయనగారు తిప్పలేదు. బ్యాటరీలు మారిన సంగతి వెర్నాకి చెప్పనూ లేదు. పాపం ఆవిడ రోజూలాగే గోడకి తగిలించింది. పారేసే బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కిస్తే ఏమవుతుంది? ఉబ్బింది, కారింది, స్ప్రింగులకి తెల్లటి బూజు పట్టింది. మర్నాడు మధ్యాహ్నం, రెన్నీ బయల్దేరిందని వినిపించాక, స్కానర్ చచ్చింది.

రెన్నీ మూడింటికే స్టేషన్‌కి తిరిగొచ్చింది. ఆ మాట వెర్నా వినలేదు. డ్యూటీ దిగి ఆరున్నరకి కూతురు ఇంటికొచ్చేసరికి, ఆవిడ బల్ల దగ్గర కూర్చునే ఉంది. ముందు పళ్ళెం, పళ్ళెంలో చల్లారిన పిరోగీలు, చేతిలో కారిపోయిన స్కానర్.

నేనూ ఉమ్‌హోల్ట్జూ అప్పటికే ఆ వంటింట్లో ఉన్నాం. వోల్టుల గురించి వాదించుకుంటున్నాం. రెన్నీ యూనిఫాం కూడా విప్పలేదు.

"అంకుల్, మీ ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకు ఒకటే. మా అమ్మ మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఆ సంగతి మీలో ఒక్కరైనా అడిగారా?"

అడగలేదు. తలలు దించుకుని బయటికి వచ్చాం. వాకిట్లో ఉమ్‌హోల్ట్జ్ చాలాసేపు టోపీ సర్దుకున్నాడు. ఆ తర్వాత, స్విచ్ సంగతి నాకు తెలియదు ఎమ్లిన్ అన్నాడు. ముప్పై ఏళ్ళ స్నేహంలో అతను ఏదైనా తెలియదని అనడం అదే మొదటిసారి.

మర్నాటి నుంచి ఇద్దరం కలిసి పనిచేశాం. రెన్నీ డ్యూటీ పన్నెండు గంటలు. వెర్నా స్కానర్ పదమూడు గంటలైనా బతకాలి. ఎనిమిది రకాల ఛార్జింగ్ బ్యాటరీలు తెప్పించాం. వాడకుండా సొరుగులో పెట్టి నెలకోసారి కొలిచాం. కొన్ని సొరుగులో పడుకునే సగం ఖాళీ అయ్యాయి. కొన్ని ఏడాది అయినా చెక్కుచెదరలేదు. కొత్తదాన్నీ పాతదాన్నీ కలిపి వెయ్యకూడదని, నాలుగు నాలుగుగా జట్లు కట్టి, తెల్ల టేపు మీద తేదీ రాసి అంటించాం. చివరికి ఒక రకం పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు నిలబడింది. ఉమ్‌హోల్ట్జ్ పట్టుబట్టి తనవి నాలుగు అత్యవసరానికని ఆవిడ సొరుగులో పెట్టాడు. ఈసారి స్విచ్ ఎటు తిప్పాలో ఎర్ర గోళ్ళరంగుతో బాణం గుర్తు వేశాడు. సంధి కుదిరింది. ఆ తర్వాత పదకొండు నెలలు వెర్నా వేళకి తిన్నది. నేను జీవితంలో చేసిన ఒక్క పనికొచ్చే పని అదేనని మా చెల్లెలు అంటుంది. కాదనను.

ఇంతలో కౌంటీ వాళ్ళు, అంటే మా జిల్లా సర్కారు, నోటీసు వేశారు. కొత్త రేడియో వ్యవస్థ తెస్తున్నాం, అగ్నిమాపక హాల్లో సభ, ప్రజలు వచ్చి అభిప్రాయం చెప్పవచ్చు, మనిషికి మూడు నిమిషాలు. ఎవరైనా తమ నిమిషాలు ఇంకొకరికి రాసివ్వవచ్చు అని కూడా కింద చిన్న అక్షరాల్లో ఉంది.

ఊరంతా వెళ్ళాం. మడత కుర్చీలు, కాఫీ, డోనట్లు. కౌంటీ రేడియో డైరెక్టరు నీలం కోటు వేసుకుని, తెర మీద బొమ్మలు చూపిస్తూ, పెళ్ళిళ్ళ పేరయ్యలా మెత్తగా మాట్లాడాడు. ఎంత దూరం వినిపిస్తుందో చెప్పాడు. ఎన్ని టవర్లో చెప్పాడు. మూడో బొమ్మ దగ్గర, భద్రత దృష్ట్యా ఇకమీదట సంభాషణలన్నీ గోప్యంగా ఉంటాయి అని ఒక్క ముక్క అని నాలుగో బొమ్మకి వెళ్ళిపోయాడు.

మేం విన్నాం. ఎందుకు వినలేదు? పోలీసులు దొంగల్ని పట్టుకునే సంగతి కాబోలు, దాచుకోవాల్సిందే అనుకున్నాం. గోప్యం అంటే మన వంటింటి చెవికి తాళం అని ఒక్క బుర్రకైనా తట్టలేదు. ఎందుకంటే ఆ బుర్రలన్నీ అప్పటికే ఇంకో గొప్ప ప్రశ్నతో నిండిపోయి ఉన్నాయి.

ప్రశ్నలున్నాయా అన్నాడు డైరెక్టరు. నాలుగు పేజీల కాగితం పట్టుకుని మొదట లేచింది నేనే. ఈ కొత్త రకం సిగ్నల్ పట్టుకోవాలంటే స్కానర్ బ్యాటరీని ఎక్కువ తాగుతుందా అని అడిగాను. హాలంతా తల ఊపింది. డైరెక్టరు మొహం పున్నమి చంద్రుడిలా వెలిగింది. చాలా మంచి ప్రశ్న అన్నాడు!

నాతో కలిపి పదకొండు మందిమి మాట్లాడాం. పదకొండు మందీ బ్యాటరీల గురించే. ఉమ్‌హోల్ట్జ్ సంధి మర్చిపోయి మళ్ళీ ఒకటిన్నర వోల్టు ఎత్తాడు. నేను ఊరుకుంటానా? తీగ వర్గం వాళ్ళు పవర్‌బ్యాంక్ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి చూపించారు. అది అందరి ముందూ కట్టేసుకుంది. డైరెక్టరు ఒక్కరినీ ఆపలేదు. మూడు నిమిషాలు దాటినా పర్లేదు, చెప్పండి చెప్పండి అంటూ ఒక్కొక్క మాటా పుస్తకంలో రాసుకున్నాడు. ఇంత వినయం గల అధికారిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

చివర్లో వెర్నా చెయ్యెత్తింది. కుర్చీ పట్టుకుని లేచి, నాకు ఒక్కటే అడగాలనుంది అంది.

"నీ బ్యాటరీల సంగతి నేను మాట్లాడేశాను వెర్నా. కూర్చో."

అన్నది ఎవరనుకున్నారు? నేనే.

ఆవిడ కూర్చుంది. కౌంటీని ఏలే ముగ్గురు కమిషనర్లూ కలిసి సరేనని చేతులెత్తారు. పని అయిపోయింది. మిగిలిన డోనట్లు జేబు రుమాళ్ళలో చుట్టుకుని, కౌంటీ మన మాటకి ఎంత విలువిచ్చిందో అని పొంగిపోతూ ఇళ్ళకి వచ్చాం.

మార్చిలో మొదటి సోమవారం పొద్దున పదింటికి కొత్త వ్యవస్థ మొదలైంది. పది దాటిన ఒక్క నిమిషానికి మా ఊళ్ళో స్కానర్లన్నీ మూగబోయాయి. అప్పుడు బ్రెన్నర్స్ గ్యాప్ ప్రజలు ఏం చేశారు? నిరసన తెలిపారా? కౌంటీకి ఫోన్ చేశారా? లేదు. అందరూ ఒకేసారి బ్యాటరీ మూతలు తెరిచారు! మధ్యాహ్నానికి కొట్లో పెన్సిల్ బ్యాటరీ అన్నది లేదు. పిల్లల బొమ్మల్లోవి, గోడ గడియారాల్లోవి కూడా పీకి వేశారు. ఊరి గడియారాలు ఆగిపోయాయి. ఒక్కడంటే ఒక్కడు రేడియోని అనుమానించలేదు. ఆడలేక మద్దెల ఓడు అంటారు. మా ఊళ్ళో మద్దెలని ఎవరో ఎత్తుకుపోయినా మేం కర్రలే మారుస్తూ కూర్చున్నాం.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ రోజు నేను ఒకప్పుడు కౌంటర్ వెనక నిలబడ్డ కొట్టుకే వెళ్ళి పారేసే బ్యాటరీలు కొన్నాను. బుద్ధి గడ్డి తింది. వెనక్కి తిరిగితే వరసలో ఉమ్‌హోల్ట్జ్ నిలబడి ఉన్నాడు, చేతిలో ఛార్జింగ్ బ్యాటరీల పొట్లం. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

వెర్నా సాయంత్రం మా తలుపు కొట్టింది. స్కానర్ నా చేతిలో పెట్టి, నీ బ్యాటరీలు చచ్చాయి ఎమ్లిన్ అంది. కొలిచాను. నాలుగూ నిండుకుండల్లా ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళలో నా బ్యాటరీది తప్పని నేను ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. మహా మొండివాణ్ణి. కానీ అప్పటికి రెన్నీ నాకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. కొత్త రేడియోల మాటలన్నీ తాళంలో ఉన్నాయనీ, ఆ తాళం ఏ స్కానరూ తియ్యలేదనీ, అమ్మకి ఎలా చెప్పాలో తెలియడం లేదనీ అంది. బండిలో ఉండగా రెన్నీ ఫోన్ ముట్టుకోకూడదు. స్టేషన్‌కి వచ్చాక చెయ్యవచ్చు గానీ, ఆ ఇంట్లో ఫోను ఎప్పుడూ చెడ్డ కబురుకే మోగింది. అది ఎంత మోగినా వెర్నా ఎత్తదు.

"అవును వెర్నా, నావే చచ్చాయి. తప్పు నాదే" అన్నాను. వేరే నాలుగు వేసి ఇచ్చాను.

మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ నాదే తప్పన్నాను. మూడో రోజు వచ్చింది. ఈ రకం మంచిది కాదు, రకం మారుద్దాం అన్నాను. నాలుగో రోజు స్కానర్ తీసుకోబోతే ఆవిడ ఇవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. నాలుగు రోజులకే బుగ్గలు లోపలికి పోయాయి.

"బ్యాటరీ కాదని నాకు మొదటి రోజే తెలుసు ఎమ్లిన్. నువ్వు ఎన్నాళ్ళకి నిజం చెబుతావో చూద్దామని వస్తున్నాను."

చేతిలో ఉన్న కొత్త బ్యాటరీల పొట్లం బల్ల మీద పెట్టేశాను.

"ఆ రోజు సభలో నేను అడగబోయింది బ్యాటరీ గురించి కాదు. ఆ కొత్త రేడియోలో నా కూతురి గొంతు నాకు వినిపిస్తుందా అని. నువ్వు కూర్చోమన్నావు."

పాఠక మహాశయులారా, బ్యాటరీ చావడం వరమని మొదట్లో అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. కాకపోతే ఎవరికి వరమో చెప్పడం మర్చిపోయాను. మన చెవులకి తాళం వెయ్యదలుచుకున్నవాడికి ఇంతకంటే వరం ఉందా? ఊరి వాళ్ళకి ఒకటిన్నరా, ఒకటీ పాయింట్ రెండా అన్న ఎముక విసిరితే చాలు. విసరనక్కర్లేదు కూడా. మేమే ఇంటి నుంచి తెచ్చుకున్నాం. ఆ పెద్దమనిషి పుస్తకం తెరిచి రాసుకుంటే సరిపోయింది.

ఇప్పుడు మా ఊళ్ళో గిన్నెలు కదలడం లేదు. కొండ వీధిలో ఒకాయన పడిపోయిన సంగతి మూడోవారం తెలిసింది. మేం నూడుల్సు పట్టుకెళ్ళేసరికి కట్టు కూడా విప్పేశారు. మీరెవరు అన్నట్టు చూశాడు. వెర్నా మాత్రం రెన్నీ డ్యూటీలో ఉన్నంతసేపూ వాకిట్లో కుర్చీ వేసుకుని రోడ్డు మలుపు కేసి చూస్తోంది. మెడిక్ ఏడు ఆ మలుపు తిరిగి వెనక్కి వస్తే గానీ లోపలికి వెళ్ళదు. మార్చి చలి ఇంకా తగ్గలేదు. ఉమ్‌హోల్ట్జ్ దుప్పటి ఇచ్చి వచ్చాడు. నేను ఫ్లాస్కుతో కాఫీ ఇచ్చి వచ్చాను. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టే ఉంది మా వ్యవహారం. అయినా మొరగకుండా ఎలా ఉంటాం?

వచ్చే మంగళవారం పొద్దున పదింటికి కౌంటీ భవనంలో కమిషనర్ల సభ. మనిషికి మూడు నిమిషాలే. నా మూడూ వెర్నాకి రాసిచ్చాను. ఉమ్‌హోల్ట్జ్ రాసిచ్చాడు. తీగ వర్గం వాళ్ళూ రాసిచ్చారు. ఆ రోజు నోరు పారేసుకున్న పదకొండు మందిమీ సంతకాలు పెట్టాం. ఆవిడ మూడూ కలిపి మొత్తం ముప్పై ఆరు నిమిషాలు. ఆ కాగితం తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అన్ని పేర్లూ చదివింది. ఇన్ని నాకెందుకు, నేను అడిగేది ఒక్క ప్రశ్నే, అర నిమిషం చాలు అంది.

మరి మిగతా ముప్పై ఐదున్నర నిమిషాలు ఏం చేస్తావు వెర్నా అని అడిగాను.

"వాళ్ళు జవాబు చెప్పేదాకా అక్కడే నిలబడతాను" అంది.